ఏళ్ల తరబడి రెండు జీన్సులు ఉతికాక: ఏది పనిచేసింది, ఏది చేయలేదు

నా దగ్గర తరచూ వేసుకునే జీన్సులు రెండే. ఒకటి పూర్తి కాటన్, చదరపు గజానికి 14 ఔన్సులు తూగే మందపాటి బట్ట, ముదురు నీలం. రెండోది 2 శాతం ఎలాస్టేన్, అంటే సాగే పోగు, కలిసిన స్ట్రెచ్ ప్యాంటు. కొన్నప్పటి నుంచి రెండింటికీ ఒకటే పద్ధతి: తిరగేసి, చల్లటి నీళ్లలో, కాస్తంత లిక్విడ్ డిటర్జెంట్‌తో ఉతకడం, నీడలో ఆరేయడం. ఇన్నేళ్లలో రంగు విషయంలో ఈ పద్ధతి నన్ను నిరాశపరచలేదు. ప్యాంటు చిరక్కుండా ఉండటం మాత్రం ఎలా ఉతికామన్నదాని కంటే, ఎప్పుడు ఉతికామన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుందని నాకు అర్థమైంది.

రంగు సంగతి ముందు చూద్దాం. మామూలు నీలం డెనిమ్‌లో పడుగు (నిలువు) దారాలకే ఇండిగో అనే నీలి రంగు అద్దుతారు, పేక (అడ్డ) దారం తెల్లగానే ఉంటుంది. ప్యాంటు లోపలివైపు లేతగా కనిపించేది అందుకే. పోనీ పడుగు దారమైనా పూర్తిగా నీలమా అంటే, అదీ కాదు. కింది అంచులో ఊడి వేలాడే నీలం పోగు ఒకటి తీసి పురి విప్పి చూడండి. పైన నీలం పొర, నడుమ తెల్లటి దూది. రంగు అలా పైపైనే పట్టుకుని ఉంటుంది కాబట్టి రాపిడి ఎక్కడ పడితే అక్కడ తెలుపు బయటపడుతుంది. జేబు అంచులు, పక్క కుట్లు, కింది మడత అన్నిటికంటే ముందు వెలిసేది కూడా ఇందుకే. తిరగేసి ఉతికితే మెషీన్ డ్రమ్ము రాపిడి చాలావరకు లోపలి వైపు పడుతుంది. గుండీ, జిప్పు పెట్టేసి తిరగేయాలి, లేకపోతే జిప్పు పళ్లు పక్క బట్టల్ని గీకుతాయి.

ఉప్పు, వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని చాలామంది చెబుతారు. స్ట్రెచ్ ప్యాంటు కొత్తలో అదీ చేశాను, ఏ తేడా లేదు. ఇండిగో తన పాటికి నీళ్లలో కరిగే రంగు కాదు, వెనిగర్ వచ్చి దాన్ని దారానికి అతికించేది ఏమీ ఉండదు. మొదటి కొన్ని ఉతుకుల్లో నీళ్లు నీలంగా వస్తాయి, దానికి టెన్షన్ పడక్కర్లేదు. తెల్లబట్టలతో కలపకపోతే చాలు. కొత్త ముదురు జీన్స్‌తో లేత రంగు సోఫా మీద కూర్చునేటప్పుడు జాగ్రత్త, ఆ మరక అంత తేలిగ్గా వదలదు.

ఇక అసలు గొడవ: ఎన్నాళ్లకోసారి ఉతకాలి? 2014లో జీన్స్ కంపెనీ లీవైస్ సీఈఓ చిప్ బర్గ్, తాను వేసుకున్న జీన్స్ ఏడాదైనా వాషింగ్ మెషీన్ మొహం చూడలేదని అన్నారు. అప్పటి నుంచి ఉతకకపోవడం గొప్ప అన్నట్టు తయారైంది. ఆయన మరక పడిన చోట తుడుచుకుంటానని, అవసరమైతే చేత్తో ఉతుకుతానని తర్వాత చెప్పిన మాట మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. అంతకుముందు 2011లో కెనడాలోని ఆల్బర్టా యూనివర్సిటీలో ఒక విద్యార్థి 15 నెలలు ఉతక్కుండా వేసుకున్న జీన్స్‌ను పరీక్షించారు. తర్వాత అదే జీన్స్‌ను ఉతికి, సుమారు రెండు వారాలు వేసుకున్నాక మళ్లీ చూస్తే బ్యాక్టీరియా దాదాపు అంతే ఉందట.

సరే, బ్యాక్టీరియా సంగతి అలా ఉంచుదాం. బట్ట సంగతేమిటి? కాటన్ జీన్స్‌ను ఒక దశలో చాలాకాలం ఉతక్కుండా వాడాను. చూడ్డానికి అద్భుతంగా ఉంది. మోకాలి వెనక మడతల దగ్గర చక్కటి తెల్ల గీతలు, మిగతాదంతా ముదురు నీలం. కానీ తొడల మధ్య బట్ట పలచబడింది. వెలుతురుకు పట్టి చూస్తే నీలం పడుగు పోగులు తెగిపోయి, తెల్లటి పేక పోగులు నిచ్చెన మెట్లలా అడ్డంగా మిగిలాయి. అక్కడ నడకకు రాపిడి ఎలాగూ తప్పదు. దానికి చెమట, దుమ్ము తోడైతే బట్ట ఇంకా త్వరగా అరిగిపోతుంది. పైగా ఉతకని జీన్స్ సాగి వదులవుతుంది, వదులైన బట్ట ముడతపడి తనకు తానే రాసుకుంటుంది. అందుకే ఇప్పుడు రోజుల లెక్క పెట్టుకోవడం లేదు. వాసన వచ్చినా, మోకాళ్లు ఉబ్బెత్తుగా సాగినా, తొడల దగ్గర తడిమితే జిడ్డుగా తగిలినా ఉతికేస్తాను. మధ్యలో రాత్రిపూట గాలికి వేలాడదీస్తే సరిపోతుంది.

ఫ్రీజర్‌లో పెట్టే చిట్కా కూడా ఒకటి తిరుగుతోంది. చలికి సూక్ష్మజీవులు చాలావరకు చావవు, చల్లగా పడి ఉంటాయంతే. చెమట, జిడ్డు ఎక్కడివి అక్కడే ఉంటాయి.

మెషీన్‌లో జీన్స్ కుక్కి వేయకూడదు. తడిసిన మందపాటి డెనిమ్ గట్టిగా మడతపడి, ఆ మడత మీదే రాపిడి పడితే పొడవాటి తెల్ల చారలు వస్తాయి. ఒకసారి వస్తే ఇక పోవు. స్పిన్ తక్కువలో పెట్టి, అయిపోగానే తీసి దులిపి, పక్క కుట్లను చేత్తో పొడవుగా లాగుతాను. తలకిందులుగా, కింది అంచులకు క్లిప్పులు పెట్టి వేలాడదీస్తే నడుము భాగం బరువుకే ముడతలు చాలావరకు పోతాయి. అన్నిటికంటే ఆలస్యంగా ఆరేవి జేబు సంచులు. ప్యాంటు తిరగేసే ఉంటుంది కాబట్టి అవి బయటికొచ్చి గాలి తగులుతుంది. ఆరిందో లేదో చూడాలంటే నేను ముట్టుకునేది వాటినే.

కుదించుకుపోవడం గురించి పెద్దగా భయం అక్కర్లేదు. ఇప్పుడు దొరికే జీన్సుల్లో ఎక్కువ భాగం సాన్‌ఫరైజ్ చేసినవే, అంటే మిల్లులోనే ముందుగా కుదించిన బట్ట. అలా చేయని ముడి డెనిమ్ అయితే 10 శాతం దాకా కుదించుకోవచ్చు, కొనే ముందు అడగండి.

స్ట్రెచ్ ప్యాంటు సంగతి వేరు. ఎలాస్టేన్‌కు వేడి పడదు, క్లోరిన్ బ్లీచ్ అసలే పడదు. వేడినీళ్లు, డ్రైయర్, బ్లీచ్ ఏవీ దాని దగ్గరికి రానివ్వలేదు. రంగు బాగానే నిలిచింది. అయినా మోకాళ్ల దగ్గర సాగింది, ఉతికినప్పుడు కాస్త బిగిసినట్టే అనిపించి సాయంత్రానికల్లా మళ్లీ మామూలే. కాటన్ దానికి తొడల దగ్గర లోపలి నుంచి పలచటి కాటన్ గుడ్డతో మాసిక వేయించాను, ఇప్పటికీ గట్టిగా ఉంది. స్ట్రెచ్ దానికి అలాంటి రిపేరు లేదు. కాబట్టి ఈసారి కొంటే ఎలాస్టేన్ లేనిదే కొంటాను.