మందు దట్టించే తుపాకికి శుభ్రత సామాను: ఏళ్ల వాడకం తర్వాత ఏది నిలిచింది, ఏది పోయింది

తీర్పు ముందే చెబుతాను. మూతి నుంచి మందు దట్టించే తుపాకికి నేను వాడిన శుభ్రత సామాను అంతటిలో ఎక్కువ పని చేసింది గోరువెచ్చని నీళ్లు. దాని తర్వాతి స్థానం సరైన కొలతలో లేత్ మీద తిప్పించిన, కడ్డీ కొసకు బిగించి గుడ్డను పట్టే ఇత్తడి జాగ్‌ది, ఆ తర్వాత నిటారుగా ఉండే మంచి కడ్డీది. సీసాల్లో వచ్చే సాల్వెంట్లన్నీ వీటి వెనకే. దట్టించేటప్పుడు గుండో, మందు మీద కూరే అట్ట బిళ్లో సగంలో బిగుసుకుంటోందని బాధపడేవాళ్లలో చాలామందికి తుపాకి మార్చే పని ఉండదు. గొట్టంలో పేరుకున్న గార వదిలించి, గుండుకు చుట్టే గుడ్డ మందం సరిచూసుకుంటే చాలు.

నేను చెప్పేది లైసెన్సు పుస్తకంలో ఎస్‌బీఎంఎల్ అని రాసే ఒంటి గొట్టం తుపాకి గురించి. నిప్పు పుట్టించే చిన్న క్యాప్‌ను నిప్పిల్ అనే రంధ్రమున్న ముక్క మీద పెట్టి పేల్చేది, గొట్టం లోపల మెలి గాళ్లు (రైఫిలింగ్) లేనిది. కోలారు, చిత్తూరు, హోసూరు వైపు పొలాలున్న బెంగళూరు తెలుగువాళ్ల దగ్గర పంట కాపలా లైసెన్సు మీద ఉండేవి ఇలాంటివే. వీటిలో ఒకదాని గొట్టం కొలత ఇంకొకదానితో కలవదు. అందుకే వేరేవాళ్లకు సరిపోయిన జాగ్ మీకు సరిపోతుందని అనుకోవద్దు. వెర్నియర్ కాలిపర్ పెట్టి మూతి లోపలి వ్యాసం రెండు మూడు దిక్కుల్లో కొలిచాకే ఏదైనా కొనండి, లేదా తిప్పించండి.

గార ఎందుకు కడుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. నల్ల తుపాకి మందు కాలినప్పుడు దాని బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. అందులో కొంత పొగలో పోతుంది, మిగతాది గొట్టం గోడకు అంటుకుంటుంది. అది పొటాషియం కార్బొనేట్, సల్ఫేట్, సల్ఫైడ్ లాంటి లవణాల మిశ్రమం. లవణాలు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. మరక అంటే కిరోసిన్, మసి అంటే మెషిన్ ఆయిల్ అనే అలవాటు ఇక్కడ పనికిరాదు. పైగా ఈ లవణాలు గాలిలోని తేమను పీలుస్తాయి. చెన్నైలో ఆ గార కాస్త మెత్తగా ఉంటుంది కాబట్టి వెంటనే బిగుసుకోదు, కానీ కడగకుండా ఒక్క రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు మొదలవుతుంది. బెంగళూరులో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గాలి పొడిగా ఉంటుంది. అదే గార అప్పుడు ఎండి గట్టి పెంకు అవుతుంది, మూడో నాలుగో దట్టింపుకే గజం (దట్టించే పొడవాటి కడ్డీ) మొరాయిస్తుంది. ఊరు మారితే ఇబ్బంది ఎందుకు మారుతుందో ఇంతకంటే వివరించక్కర్లేదు.

ఇక సామాను. ముక్కలు ముక్కలుగా మర బిగించే అల్యూమినియం కడ్డీల సెట్లు కొనకండి. పొడవు గొట్టంలో వంగుతాయి, మరలు అరిగిపోతాయి, మెత్తటి అల్యూమినియంలో ఇరుక్కున్న ఇసుక రేణువు మూతి అంచును గీస్తుంది. తుపాకితో వచ్చే ఇనప గజం దట్టించడానికే ఉంచండి, కడగడానికి వాడితే మూతి ఒక పక్కకు అరుగుతుంది. గొట్టం కంటే కనీసం 10 సెంటీమీటర్లు పొడవున్న ఒకే ముక్క ఇత్తడి రాడ్ తీసుకుని, ఒక కొసకు చెక్క పిడి, రెండో కొసకు మర వేయించుకోవడం మేలు. 12 బోర్ (లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు) దగ్గరి గొట్టానికి 10 మిల్లీమీటర్ల రాడ్ సరిపోతుంది. బెంగళూరు పీణ్యలో గానీ, చెన్నైలో అంబత్తూరు, గిండీ వైపు గానీ ఏ లేత్ షాపైనా చేసిపెడుతుంది. దిగుమతి జాగ్‌లకు 8-32 లేదా 10-32 మర ఉంటుంది, మన లేత్‌లో మామూలుగా వేసేది ఎం5, ఎం6. రెండూ కలవవు, ముందే తేల్చుకోండి. అక్కడే ఒక నైలాన్ బుష్ కూడా తిప్పించుకోండి. మూతిలో సగం కూర్చుని రాడ్‌ను నడిమధ్యన నడిపించే చిన్న ముక్క అది. పాత గొట్టాలను కాపాడేది అదే.

జాగ్ విషయంలో ఎక్కువమంది పెద్దది కొనేస్తారు. బిగుతుగా ఉంటే బాగా తుడుస్తుందనుకుంటారు, జరిగేది వేరు. బిగుతు జాగ్ మసినంతా ముందుకు నెట్టుకుంటూ పోయి అడుగున క్యాప్ నిప్పు మందుకు చేరే దారికి అడ్డంగా కూరేస్తుంది. తర్వాత క్యాప్ పేలుతుంది, తుపాకి పేలదు. సరైన జాగ్ గుడ్డతో కలిపి వదులుగా దిగాలి, పైకి లాగేటప్పుడు గుడ్డ ముడతలు పడి గోడకు పట్టుకుని మసిని బయటికి తేవాలి. గొట్టం 18.5 మిల్లీమీటర్లు, ఫ్లానెల్ గుడ్డ మందం అర మిల్లీమీటరు అనుకుంటే జాగ్ 17.3 నుంచి 17.5 మధ్య ఉండాలి. ముందు భాగంలో గుడ్డను పట్టే చిన్న మొన, దాని వెనక రెండు మూడు లోతైన చుట్టు గాళ్లు ఉండేలా చూడండి.

కంచు బ్రష్ నాకు అంతగా నచ్చలేదు. వెనక నుంచి తెరుచుకునే తుపాకిలో అది అటు వైపు నుంచి బయటికి వచ్చేస్తుంది. మూతి తుపాకిలో అడుగు మూసి ఉంటుంది కాబట్టి లోపలే దిశ మార్చాలి. వెంట్రుకలు ఎదురు తిరిగి పట్టేస్తాయి. పట్టేస్తే లాగకండి, రాడ్‌ను మర బిగిసే వైపే తిప్పుతూ మెల్లగా పైకి తీయండి, లేకపోతే బ్రష్ మర విడిపోయి లోపలే ఉండిపోతుంది. నైలాన్ బ్రష్‌తో ఈ బాధ తక్కువ. స్టీలు బ్రష్ వద్దే వద్దు. వీటికి తోడు జోడు కొక్కేల వార్మ్ ఒకటి తప్పకుండా ఉండాలి. జాగ్ నుంచి జారి అడుగున పడిపోయిన గుడ్డను బయటికి తీసేది అదొక్కటే.

గుడ్డ గురించి రెండు మాటలు. నూటికి నూరు శాతం నూలుదే కావాలి. పాలియెస్టర్ కలిస్తే వేడికి కరిగి గోడకు అంటుకుంటుంది. దుకాణంవాళ్ల మాట నమ్మకుండా ఒక పోగు లాగి కాల్చి చూడండి. నూలైతే బూడిదవుతుంది, పాలియెస్టరైతే గట్టి పూసలా ముడుచుకుంటుంది. కొత్త బట్టలో గంజి ఉంటుంది కాబట్టి రెండుసార్లు ఉతికి, నీడన ఆరబెట్టాకే కత్తిరించండి. 12 బోర్‌కు 6 నుంచి 7 సెంటీమీటర్ల చదరపు ముక్కలు చాలు.

కడిగే పద్ధతికి వస్తే, మొదట తుపాకి ఖాళీయేనా అని చూడాలి. ఖాళీ అని కచ్చితంగా తెలిసినప్పుడే గజాన్ని అడుగు తగిలేదాకా దించి మూతి దగ్గర గీత పెట్టుకోండి, దానికి ఖాళీ గీత అని పేరు. తర్వాత ఎప్పుడు గజం దించినా ఆ గీత మూతి పైనే ఆగితే లోపల ఏదో ఉన్నట్టు. ఇది తేలాక క్యాప్ తీసేసి, నిప్పిల్‌ను సరిగ్గా పట్టే కీతో విప్పండి. కటింగ్ ప్లయర్ వాడితే అంచులు గుండ్రమై మళ్లీ ఊడి రాదు. గొట్టం కర్ర కుందా నుంచి ఊడేదైతే ఊడదీసి, నిప్పిల్ వైపు బకెట్‌లో ముంచి, రాడ్‌తో పైకీ కిందికీ ఆడించండి. నీళ్లు నిప్పిల్ రంధ్రం గుండా లోపలికీ బయటికీ పారి అడుగు భాగమంతా కడుగుతాయి. మన నాటు తుపాకుల్లో చాలావాటికి గొట్టాన్ని ఇత్తడి పట్టీలతో బిగించి ఉంటారు. వాటిని ప్రతిసారీ విప్పితే కర్ర పాడవుతుంది. నిప్పిల్ మరలోకి ఎక్కే చిన్న గొట్టం, దానికి ప్లాస్టిక్ ట్యూబు తగిలిస్తే నీళ్లు కుందాలోకి పోకుండా దూరంగా పోతాయి. ట్రిగ్గర్ యంత్రాన్ని మాత్రం విప్పి పక్కన పెట్టుకోవాలి.

లీటరు గోరువెచ్చని నీళ్లలో నాలుగైదు చుక్కల గిన్నెల సబ్బు చాలు. మొదటి నీళ్లు నల్లగా వస్తాయి, కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. అది సల్ఫైడ్, కంగారు పడక్కర్లేదు. రెండు మూడు విడతలు పోసి, ఆరేడు తడి గుడ్డలు నడిపిస్తే తెల్లగా వస్తాయి. మరిగే నీళ్లు పోస్తే త్వరగా ఆరుతుందని చాలామంది పోస్తారు. ఆరుతుంది నిజమే, ఆరుతూనే నారింజ రంగు పలచని తుప్పు పడుతుంది. గోరువెచ్చని నీళ్లతో ఆ తుప్పు తక్కువ. చెన్నైలో ఇంకో జాగ్రత్త: బోరు నీళ్లు ఉప్పగా ఉండే పేటలు చాలా ఉన్నాయి. కడగడానికి ఏ నీళ్లయినా ఫరవాలేదు, చివరి విడత మాత్రం ఆర్‌ఓ నీళ్లో క్యాన్ నీళ్లో పోయండి. పొటాషియం క్లోరేట్ ఉన్న పాత రకం క్యాపులు వాడేవాళ్లకు ఈ చివరి విడత మరీ ముఖ్యం. వాటి నుంచి క్లోరైడ్ లవణం మిగులుతుంది, అది ఇనుముకు నేరుగా తుప్పు తెస్తుంది.

తర్వాత నాలుగైదు పొడి గుడ్డలు, దాని మీద డబ్ల్యూడీ-40 తడిపిన గుడ్డ ఒకటి. అది నీటిని తోసేయడానికే, కాపాడే నూనెగా దాన్ని నమ్ముకోవద్దు. పావుగంట ఆగి తుడిచి, అసలు నూనె పట్టించండి. బాలిస్టాల్ దొరికితే అదే మేలు. 1904 నుంచి వస్తున్న జర్మన్ నూనె ఇది. నీళ్లతో కలిస్తే పాలలా తెల్లగా మారుతుంది, మిగిలిన లవణాలతో గొడవ పడదు. చింతపండు, వెనిగర్ లాంటి పులుపు ఇత్తడి భాగాలకు తప్ప గొట్టానికి తగలనీయకండి.

దట్టింపు బిగుసుకోవడానికి కారణాలు వెతికేటప్పుడు ఎక్కడ ఆగుతోందో చూడండి. మొదటి దట్టింపే బిగుతుగా ఉంటే కొలత తప్పు. మూడు నాలుగు పేల్చాక బిగిస్తే గార. ఎప్పుడూ ఒకే చోట పట్టేస్తే అక్కడ తుప్పు గుంట ఉంది, లేదా గొట్టం ఉబ్బింది. చిన్న ఎల్‌ఈడీ బల్బును దారం కట్టి దించి చూస్తే తెలుస్తుంది. ఉబ్బు కనిపిస్తే పేల్చడం ఆపి లైసెన్సున్న గన్‌స్మిత్‌కు చూపించాల్సిందే. గుడ్డ బయటికి వచ్చేసరికి కోసినట్టు చిరిగి ఉంటే మూతి అంచు పదును. 400 నంబరు నీటి గరుకు కాగితాన్ని అంచు మీద పెట్టి బొటనవేలితో మెల్లగా చుట్టూ తిప్పితే ఆ పదును పోతుంది. లోపల గరుకు తక్కువగా ఉంటే అరిగిన బ్రష్‌కు 0000 స్టీల్ ఊల్ చుట్టి, నూనెతో పాతిక సార్లు ఆడిస్తే నునుపు వస్తుంది.

అందరూ మరిచిపోయే కారణం గాలి. బిళ్ల బిగుతుగా ఉండి నిప్పిల్ మూసుకుపోతే గొట్టం, మూతి మూసిన సైకిల్ పంపు ఒకటే. కూరిన బిళ్లను కింది గాలి మళ్లీ పైకి తన్నుతుంది, మనమేమో గార అనుకుని ఇంకా బలంగా నొక్కుతాం. ఖాళీ తుపాకిలో తడి గుడ్డ దించినప్పుడు నిప్పిల్ దగ్గర బుస్సుమని శబ్దం రావాలి. రాకపోతే సన్నని రాగి తీగతో రంధ్రం తెరవండి. స్టీలు సూది వాడితే రంధ్రం పెద్దదై, పేలినప్పుడు మంట వెనక్కి కొడుతుంది. అట్ట బిళ్ల అంచున చిన్న గాటు పెట్టినా గాలి పోతుంది.

గుండు వాడితే గొట్టం కంటే 0.7 మిల్లీమీటర్లు చిన్నది, దానికి చుట్టే 0.4 మందం గుడ్డ నాకు నచ్చిన జోడీ. గుడ్డకు పట్టించే మైనం తేనెటీగల మైనం ఒక వంతు, ఆముదం మూడు వంతులు, బరువు లెక్కన. చెన్నై ఎండల్లో ఇది కారిపోతుంది, అక్కడ ఆముదం రెండు వంతులే వేయండి. కొబ్బరినూనె బెంగళూరు డిసెంబరు ఉదయాల్లో గడ్డ కడుతుంది కాబట్టి నమ్మలేం. ఇంజన్ ఆయిల్, మెషిన్ ఆయిల్ లాంటి పెట్రోలియం నూనెలు కాలిన మసితో కలిసి తారులా జిగురవుతాయి. దట్టించడానికి ముందు గొట్టంలోని కాపుదల నూనెను పూర్తిగా తుడవాలనేది అందుకే. బెంగళూరు ఎస్‌పీ రోడ్ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఈ తుడవడానికి బాగుంటుంది.

పేల్పుకూ పేల్పుకూ మధ్య ఒక గుడ్డను నాలుకకు తాకించినంత తడిపి, జానెడు జానెడుగా దించి తీస్తూ అడుగు దాకా నడిపి, తిరగేసి ఇంకోసారి, ఆపై పొడిది. ఒకేసారి అడుగు దాకా తోయకండి. నీళ్లు కారేంత తడి వద్దు, మందు చెమ్మగిల్లుతుంది. ఈ తడి గుడ్డ లోపల మిగిలిన నిప్పురవ్వను కూడా ఆర్పుతుంది. అది ఉండగా కొత్త మందు పోయడమే ఈ తుపాకుల్లో జరిగే ప్రమాదాల్లో ఘోరమైనది.

ఇవన్నీ చేసినా గుండు సగంలో ఆగిపోతే, దాన్ని పేల్చి వదిలించుకుందామని అనుకోవద్దు. మందుకూ గుండుకూ మధ్య ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బుతుంది, పగులుతుంది కూడా. మూతి ముందు తల గానీ అరచెయ్యి గానీ పెట్టకుండా, క్యాప్ తీసి, నిప్పిల్ విప్పి, అక్కడి నుంచి నీళ్లు పోసి బాగా నానబెట్టి, మర మొన ఉన్న గుండు తీసే ముక్కతో లాగాలి. తడిసిన మందు ఆరితే మళ్లీ అంటుకుంటుంది. పని అదే పూట పూర్తి చేయండి.

దాచేటప్పుడు మొదటి రెండు రోజులు మూతి కిందికి ఉంచితే మిగులు నూనె నిప్పు దారిలోకి దిగదు. మూతిలో దూది కుక్కడం, రెగ్జిన్ సంచిలో పెట్టడం రెండూ తేమను బంధిస్తాయి. చెన్నైలో వారానికోసారి, బెంగళూరులో మూడు వారాలకోసారి తెల్ల గుడ్డ నడిపి చూడండి. గోధుమ రంగు కనిపిస్తే మళ్లీ నీళ్ల దగ్గర నుంచి మొదలు. ఆయుధ పూజనాడు పెట్టిన పసుపు, కుంకుమ తడి బొట్లు ఆ సాయంత్రమే తుడిచి నూనె రాయండి, లేకపోతే బొట్టు ఆకారంలోనే తుప్పు పడుతుంది. ఎన్నికల కోడ్ వచ్చి స్టేషన్లో డిపాజిట్ చేయాల్సి వస్తే నూనె సరిపోదు. 2023 మే కర్ణాటక అసెంబ్లీ ఎన్నికలకు, 2024 లోక్‌సభ ఎన్నికలకు అప్పగించిన తుపాకులు వారాల తరబడి అక్కడే ఉన్నాయి. ఇచ్చే ముందు కడిగి పూర్తిగా ఆరబెట్టి, లోపలా బయటా పలచగా బేరింగ్ గ్రీజు పట్టించండి. గొట్టంలో గ్రీజు ఉందని చీటీ రాసి ట్రిగ్గర్ గార్డుకు కట్టండి, రసీదు వెనక కూడా అదే రాసుకోండి. తెచ్చుకున్నాక మొదటి పని ఆ గ్రీజు పూర్తిగా తుడిచి తీసి, ఖాళీ గీత సరిచూడటం.