పాత కారు బ్రేకులు అదురుతుంటే డయల్ గేజ్ కొనొచ్చా?

బ్రేక్ తొక్కగానే పెడల్ పాదానికి ఎదురు తన్నుతోందనో, స్టీరింగ్ వణుకుతోందనో చెబితే షెడ్డులో ముందుగా వినిపించే మాట: "డిస్కులు బెండయ్యాయి, మార్చేద్దాం." మారుస్తారు. కొన్ని వేల కిలోమీటర్లు హాయిగా నడుస్తుంది, ఆ తర్వాత మళ్లీ అదే అదురు. తప్పు డిస్కులో ఉందా, దాని వెనక హబ్‌లో (డిస్కూ చక్రమూ బిగించే భాగం) ఉందా అన్నది కంటికి కనబడదు. దాన్ని పట్టిచ్చేది, మిల్లీమీటరులో నూరోవంతు కదలికను కూడా ముల్లుతో చూపే, అయస్కాంతపు స్టాండుతో వచ్చే డయల్ గేజ్. పాత కారు పనులు సొంతంగా చూసుకునేవాళ్లు డిస్కులకు ఆర్డర్ పెట్టేముందు కొనాల్సింది ఇదే. కాకపోతే సెట్టు చూసి ఎంచుకోవాలి, ఇది దేనికి పనికిరాదో కూడా తెలిసి ఉండాలి.

ముందు పనికిరాని చోట్లు. పెడల్ మెత్తగా దిగిపోతోందంటే లైన్లలో గాలి చేరి ఉండొచ్చు, బ్రేక్ ఆయిల్ నీరు పట్టి ఉండొచ్చు. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పీల్చాక ఆ హద్దు 155కి పడిపోతుంది. తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా కిందికి జారిపోతూ, బయట ఎక్కడా కారడం లేదంటే పెడల్ తొక్కుడును ఆయిల్ ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్‌ను అనుమానించాలి. పెడల్ రాయిలా ఉంటే ఇంజిన్ ఆపి నాలుగైదుసార్లు తొక్కి, చివరిసారి తొక్కి పట్టుకునే ఇంజిన్ స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే సర్వో (పెడల్‌కు బలం చేర్చే బూస్టర్) గానీ, దాని వాక్యూమ్ పైపు గానీ పోయినట్టు. ఆగబోయే ముందు, ఏ పది కిలోమీటర్ల వేగంలోనో పెడల్ గరగరమంటే తుప్పుతో పగిలిన ఏబీఎస్ రింగ్ (చక్రం వేగం చదవడానికి సెన్సర్ వాడే పళ్ల రింగ్) కావచ్చు. ఖాళీ చోట ఏబీఎస్ ఫ్యూజ్ తీసి నెమ్మదిగా నడిపితే తేలిపోతుంది. వీటిలో ఏదైనా సరే గేజ్ పెట్టెలోనే ఉండనివ్వండి.

అదురు స్టీరింగ్‌లో తెలిస్తే ముందు చక్రాలు, సీటులో తెలిస్తే వెనక చక్రాలు అన్నది చాలామటుకు నిజం. హ్యాండ్ బ్రేక్ వెనక డ్రమ్ముల మీద పనిచేసే కారైతే, ఎవరూ లేని రోడ్డు మీద 30 వేగంలో బటన్ నొక్కి పట్టుకుని లివర్‌ను మెల్లగా లాగి చూడండి. జర్కు అప్పుడూ వస్తే డ్రమ్ము గుండ్రం తప్పి ఉంటుంది.

ఇక వస్తువు సంగతి. చవక సెట్లలో కూడా గేజ్ బాగానే ఉంటుంది: 10 మి.మీ. కదలిక, డయల్ మీద వంద గీతలు, గీతకు 0.01 మి.మీ. చెడగొట్టేది స్టాండ్. పాములా వంగే చేయి ఉన్నవాటి జోలికి పోవద్దు. గేజ్ నుంచి పొడుచుకొచ్చి డిస్కుకు ఆనే పుల్లను డిస్కు నెట్టగానే చేయి కూడా కొంచెం వంగుతుంది, మనం వెతికే తేడా అందులోనే కలిసిపోతుంది. రెండు గట్టి కడ్డీలు, మధ్యలో బిగించే కీలు ఉన్న స్టాండ్ తీసుకోండి. ఇంకో సంగతి: నకిల్ (హబ్‌ను మోసే భాగం) అల్యూమినియందైతే అయస్కాంతం అంటుకోదు. అలాంటి కార్లకు బిగించే క్లాంప్ ఉన్న సెట్టు కావాలి, లేదా స్ట్రట్ (షాక్ అబ్జార్బర్) గొట్టం మీద చోటు వెతుక్కోవాలి.

కొలిచే పద్ధతిలో తొందర పనికిరాదు. కారును జాకీ మీదే వదిలేయకుండా స్టాండ్ల మీద నిలబెట్టి, గేర్ న్యూట్రల్‌లో పెట్టండి. చక్రం తీశాక మొదట చూడాల్సింది బేరింగ్. డిస్కును పైనా కిందా పట్టుకుని ఊపితే టకటక అంటే కొలత ఆపి ముందు బేరింగ్ మార్చాలి. ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ తీసి, పైపు మీద బరువు పడకుండా తీగతో స్ప్రింగ్‌కు వేలాడదీయండి. చక్రం లేనప్పుడు డిస్కు హబ్ మీద వదులుగా ఉంటుంది కాబట్టి నట్ల కింద మందపాటి వాషర్లు వేసి సమానంగా బిగించాలి. బోల్టులతో చక్రం పట్టే కార్లకు పొట్టి బోల్టులు వాడండి, మామూలువి వెనక భాగానికి తగులుతాయి. పుల్లను డిస్కు అంచు నుంచి సుమారు 10 మి.మీ. లోపల, డిస్కు ముఖానికి లంబంగా ఆనించి, ఓ మిల్లీమీటరు నొక్కుడు ఇచ్చి, సున్నా పెట్టి, డిస్కును చేత్తో నెమ్మదిగా తిప్పాలి.

ముల్లు ఒక్కో చుట్టుకు ఒకసారి మెల్లగా లేచి మెల్లగా దిగితే అది రనౌట్, అంటే డిస్కు పక్కకు ఊగడం. ఉన్నట్టుండి చిటుక్కున ఎగిరి పడితే తుప్పు గుంట. చుట్టు తిరిగొచ్చినా సున్నా దగ్గరికి రాకపోతే స్టాండ్ జారింది, లేదా బేరింగ్ వదులు. రనౌట్ హద్దు చాలా కార్లకు 0.05 మి.మీ., అంటే ఐదు గీతలు, కొన్నిటికి 0.10 దాకా ఒప్పుకుంటారు. మీ కారు మాన్యువల్‌లో ఉన్నదే లెక్క.

గేజ్ కొన్నందుకు ఫలితం కనబడేది ఈ తర్వాతి అడుగులో. ముల్లు ఎక్కువ లేచిన చోట డిస్కు మీదా, దానికి ఎదురుగా హబ్ మీదా చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. డిస్కు తీసి ఒక నట్ చోటు జరిపి మళ్లీ బిగించి కొలవండి. ఎత్తు డిస్కు గుర్తుతో పాటు జరిగితే తప్పు డిస్కుది. హబ్ గుర్తు దగ్గరే ఉండిపోతే ఎన్ని కొత్త డిస్కులు వేసినా లాభం లేదు. 140 మి.మీ. వెడల్పున్న హబ్ అంచున 0.04 మి.మీ. తుప్పు పొర ఉంటే, 240 మి.మీ. వ్యాసం దగ్గర అది దాదాపు 0.07 అవుతుంది. వైర్ బ్రష్, ఎమరీ పేపర్‌తో హబ్‌ను, స్టడ్ల మొదళ్లను మెరిసేదాకా శుభ్రం చేస్తే చాలాసార్లు కొలత హద్దులోకి వచ్చేస్తుంది. డిస్కులు మార్చిన కొన్నాళ్లకు అదురు తిరిగి రావడానికి కారణం కూడా ఈ తుప్పే. వంకరగా కూర్చున్న డిస్కు, బ్రేక్ తొక్కనప్పుడు కూడా ప్రతి చుట్టులో ఒకేచోట ప్యాడ్‌ను రాసుకుంటుంది. ఆ చోటు అరిగి పలచబడ్డాకే కాలికి తన్ను తెలుస్తుంది.

ఆ పలచదనాన్ని ఈ గేజ్ కొలవలేదు, ఇది దాని పెద్ద లోటు. దానికి 0–25 మి.మీ. మైక్రోమీటర్ వేరేగా కావాలి. అంచు నుంచి ఒకే దూరంలో ఎనిమిది చోట్ల కొలవండి. తేడా 0.02 మి.మీ. దాటితే పెడల్ తన్నుతుంది, చాలా మాన్యువళ్లలో హద్దు అంతకంటే తక్కువే. వెర్నియర్‌తో నెట్టుకురావాలని చూడకండి, దాని దవడలు అరగని అంచు మీద ఆని ఎక్కువ మందం చూపిస్తాయి. కనిష్ఠ మందం డిస్కు మీదే అచ్చు కొట్టి ఉంటుంది. అంతకు దగ్గర పడితే లేత్ పట్టించే ఆలోచన వదిలేసి జత మార్చేయాలి.

తిరిగి బిగించేటప్పుడు కాలిపర్ పిన్నులు చేత్తో నెడితే కదులుతున్నాయా చూడండి. అవి పట్టేస్తే ఒకవైపు ప్యాడే అరుగుతుంది, డిస్కు అతిగా వేడెక్కుతుంది. సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. చక్రం నట్లు ఎయిర్ గన్‌తో వదిలేయకుండా, ఎదురెదురు వరసలో, టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పినంతే బిగించాలి. ఎగుడుదిగుడుగా బిగిస్తే గేజ్ చూపిన మంచి కొలత అక్కడే పాడవుతుంది. కొత్త ప్యాడ్లయితే 60 వేగం నుంచి 20కి, పూర్తిగా ఆపకుండా, మధ్యస్థంగా తొక్కుతూ ఎనిమిది పదిసార్లు తగ్గించి, తర్వాత కొంత దూరం బ్రేక్ ముట్టకుండా నడిపి చల్లారనివ్వండి. వేడి మీద ఆపి పెడల్ తొక్కి పట్టుకుంటే ప్యాడ్ పదార్థం ఆ చోట డిస్కుకు అంటుకుని, కొత్తదైనా అదురు మొదలవుతుంది.

నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉన్న మరీ పాత కారైతే ఈ గేజ్‌తో పెద్దగా పని ఉండదు. ముందు వీల్ సిలిండర్ కారి లైనర్లు తడిశాయేమో చూసుకోవాలి, ఆ తడికే బ్రేకు గభాలున పట్టేస్తుంది. తడిసిన లైనర్లను కడిగి వాడకుండా రెండు చక్రాలకూ మార్చేయండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి డ్రమ్ములో దుమ్మును గాలి కొట్టి ఊదకండి, బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి.