నాలుగు పడని ఇంటికి సరుకులు: కిరాణా కొట్టా, గిర్నీనా, ఆన్‌లైనా? ఏది మేలు?

మా చిన్నోడికి గోధుమ పడదు, పాలు పడవు, పల్లీలు పడవు, నువ్వులు పడవు. ఏదో ఒక్కటైతే ఎలాగో నెట్టుకొస్తాం. నాలుగూ కలిసేసరికి వంటిల్లు సగం మూతపడినట్టయింది. పల్లీ చట్నీ లేదు, పెరుగన్నం లేదు, చపాతీ లేదు. గుత్తి వంకాయలో కూరే మసాలా నిండా పల్లీలూ నువ్వులే. నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఈ సరుకుల కోసం తిరుగుతున్నాను. కొత్తగా ఈ టెన్షన్‌లో పడ్డవాళ్లు ఎక్కడ కొనమంటారని అడుగుతుంటారు కాబట్టి రాస్తున్నా. ఎవరికి ఏది పడదో తేల్చాల్సింది మాత్రం డాక్టరే.

మొదట అందరం పరిగెత్తేది సూపర్‌మార్కెట్‌లో ‘గ్లూటెన్ ఫ్రీ’ అరల దగ్గరికో, ఫోన్‌లో ఆర్డర్ పెట్టడానికో. గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీల్లాంటి వాటిలో ఉండే ప్రొటీన్. మొదటి ఏడాది నేను డబ్బులు తగలేసింది అక్కడే. ఒక్క గోధుమే పడనివాళ్లకు అది మంచి దారి. మన దేశంలో గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలో సరుకులో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదు, కాబట్టి ఆ మాటకు ఒక విలువుంది. చిక్కంతా మిగతా మూడింటితోనే. గోధుమ తీసేసిన కేక్ మిక్స్‌లో పాలపొడి కలిపి ఉంటుంది. పాలు లేవని వీగన్ గుర్తు వేసిన బిస్కెట్ గోధుమ పిండితోనే చేస్తారు. ఆ రెండూ లేని చిక్కీలాంటి బార్ దొరికిందని సంబరపడితే అది పల్లీలూ నువ్వులూ బెల్లమూ. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ధర చూస్తే, గిర్నీలో, అంటే వీధి పిండిమరలో, పట్టించుకునే జొన్నపిండి కంటే నాకు మూడు నాలుగు రెట్లు ఎక్కువ పడింది.

ప్యాకెట్ వెనక అలర్జీ సంగతి రాయాలని మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ఉంది. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు పీతల్లాంటివి, పల్లీలు, బాదం జీడిపప్పులాంటి గింజలు, సోయా, సల్ఫైట్... ఇదీ ఆ జాబితా. ఇందులో నువ్వులు లేవు! మనంత నువ్వులు తినే దేశంలో ఇదేం లెక్కో నాకిప్పటికీ అర్థం కాదు. అందుకని లావు అక్షరాల్లో ఉండే ఆ ఒక్క లైను చదివి ఊరుకుంటే నువ్వుల విషయంలో దెబ్బతింటాం. దినుసులన్నీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. ‘మసాలా దినుసులు’ అని ఒక్క ముక్కతో సరిపెట్టిన ప్యాకెట్ నేను కొనను. డాలస్‌లో ఉండే మా చెల్లికి ఈ బాధ కాస్త తక్కువ. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వుల పేరు కూడా లేబుల్ మీద ఉండి తీరాలి.

ఆన్‌లైన్‌లో ఈ చదువుకే ఎసరు. ముందువైపు ఫొటోలు నాలుగు పెడతారు, వెనకవైపు ఫొటో మసకగా ఉంటుంది, లేదా ఏ కాలం నాటిదో ఉంటుంది. ఒకసారి పాలకు బదులని కొబ్బరిపాల పొడి తెప్పించాను. కొబ్బరిదే కదా అని పాయసంలో వేశాను. అరగంటలో పిల్లాడి మెడంతా దద్దుర్లు. ఆస్పత్రి నుంచి వచ్చాక ప్యాకెట్ తిప్పి చూస్తే సన్న అక్షరాల్లో ‘సోడియం కేసినేట్’ అని ఉంది. అది పాల నుంచి తీసే ప్రొటీనే. వేడినీళ్లలో పొడి ఉండకట్టకుండా చాలా కంపెనీలు దాన్ని కలుపుతాయి. తప్పు చదవకుండా వేసిన నాదే. ఆ రోజు నుంచి కొబ్బరికాయ కొట్టి, ముక్కలు గోరువెచ్చటి నీళ్లతో మిక్సీలో తిప్పి, పలచటి గుడ్డలో పిండుకుంటున్నా. పది నిమిషాల పని.

ఇక కిరాణా కొట్టు, బేగంబజార్‌లాంటి టోకు బజారు. అక్కడ ధరకు తిరుగులేదు. కానీ బస్తాలు మూతులు తెరుచుకుని పక్కపక్కనే ఉంటాయి, నువ్వుల్లో ముంచిన గరిటే కొర్రల్లోనూ మునుగుతుంది. విడిగా అస్సలు కొనొద్దని అందరూ అంటారు గానీ, నేను గింజ సైజును బట్టి చూస్తాను. జొన్నల్లో గోధుమగింజ పడితే కంటికి తెలుస్తుంది. పళ్లెంలో పోసి ఏరుకోవచ్చు, రెండు నీళ్లు కడిగి ఎండలో ఆరబోసుకోవచ్చు. కందిపప్పు, శనగలు కూడా అంతే. అదే కొర్రల్లోనో సామల్లోనో నువ్వుగింజ పడిందా, చాటలో ఎంత చెరిగినా పోదు, జల్లెడా ఆపదు. అందుకని చిరుధాన్యాల్లో చిన్నవి సీలు వేసిన ప్యాకెట్‌లోనే, పెద్ద గింజలు మాత్రం విడిగా. పొడి రూపంలో ఉన్నదేదీ విడిగా కొనను. శనగపిండి ఏ రాయి మీద దేని తర్వాత విసిరారో కొట్టాయనకు మాత్రం ఏం తెలుస్తుంది?

దాంతో కథ గిర్నీకి చేరింది. మా వీధి గిర్నీలో పొద్దస్తమానం పడేవి గోధుమలే. సంగతి చెబితే ఆయన, “అక్కా, పొద్దుగాల ఆరింటికి రా, గోధుమలు పడకముందే నీది పట్టిస్త” అన్నాడు. వెళ్లాను. తొట్టి తుడిచాడు, ముందు నేను తెచ్చిన కిలో బియ్యం పోసి ఆ పిండి పక్కన పెట్టించాడు, ఆ తర్వాతే జొన్నలు పోశాడు. అంతా బాగానే ఉందనుకుంటుండగా పిండి పడే చోట కట్టిన గుడ్డగొట్టం చూశాను. నిన్నటి పిండి మడతల్లో అట్టకట్టుకుని ఉంది. చేత్తో తడితే తెల్లగా రాలింది. ఆయన మనసు మంచిదే, ఆ గుడ్డను మాత్రం నమ్మలేం. రాళ్ల మధ్య ఇరుక్కున్నది సరేసరి.

ఏడాది తర్వాత ఇంట్లో పెట్టుకునే చిన్న పిండిమర కొన్నాం. పద్దెనిమిది వేలయింది. మోత ఎక్కువ, కింది ఫ్లాట్ ఆంటీ రెండుసార్లు తలుపు తట్టింది. అయినా ఇన్నేళ్లలో నేను పెట్టిన ఖర్చుల్లో సరైనది ఇదొక్కటే అనిపిస్తుంది. జొన్నలు, రాగులు, శనగపప్పు, బియ్యం అన్నీ దాంట్లోనే విసురుతా. ఒకరోజు మా అత్తమ్మ రెండు కిలోల గోధుమలు తెచ్చి తొట్టి మూత తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఆమె కాస్త నొచ్చుకుంది గానీ, ఇప్పుడు వచ్చిన చుట్టాలకు ఆ కట్టుబాటు చెప్పేది ఆమే. అంత డబ్బు పెట్టలేకపోతే మిక్సీకి ఒక జార్, దానికో జల్లెడ విడిగా ఉంచుకోండి. రాగులు మెత్తగానే వస్తాయి. జొన్నలను రెండుసార్లు తిప్పి జల్లించాలి. పిండి కాస్త బరకగా ఉన్నా, మరిగే నీళ్లు పోసి కలిపితే రొట్టె విరగదు.

నూనె దగ్గర అందరూ చెప్పేదానికి ఎదురు చెప్పాలి. గానుగ నూనె ఆరోగ్యమని ఇప్పుడు వీధికో గానుగ పెట్టారు. మా ఇంటికి మాత్రం అదే పెద్ద ప్రమాదం. పల్లీలు, నువ్వులు, కొబ్బరి ఒకే గానుగలో ఒకదాని తర్వాత ఒకటి ఆడిస్తారు. వడకట్టినా నూనెలో గింజ తాలూకు ప్రొటీన్ మిగులుతుంది. మా వంటకు ప్యాకెట్‌లో వచ్చే రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనే. ఎవరేమనుకున్నా సరే.

ఇంగువ సంగతి చాలామందికి తెలియదు. డబ్బాల్లో వచ్చే పొడి ఇంగువలో అసలు ఇంగువ కొంతే, మిగతాది చాలావాటిలో గోధుమ పిండీ తుమ్మబంకా. గోధుమ బదులు బియ్యప్పిండి కలిపినవీ దొరుకుతాయి, వెనక చూసి కొనుక్కోవాలి. పులిహోర పోపులో చిటికెడే కదా అనుకుంటాం, పడనివాడికి ఆ చిటికెడే చాలు. ఇలాంటి వాటికే నేను ఆన్‌లైన్‌కు వెళ్తున్నా: బియ్యప్పిండి ఇంగువ, బేకింగ్ పౌడర్, సగ్గుబియ్యం పిండి. అదీ వెనకవైపు అక్షరాలు చదవగలిగితేనే. వచ్చాక మళ్లీ చదువుతా, పాత డబ్బా అయిపోయి అదే కంపెనీది కొత్తది వచ్చినా చదువుతా. ఒక్కోసారి రంగూ బొమ్మా మారకుండానే లోపలి దినుసులు మారుతుంటాయి.

కాబట్టి నన్నడిగితే, నాలుగైదు పడని ఇంటికి ప్రత్యేకం అని అమ్మే సరుకుల కంటే, గింజ కొని ఇంట్లో విసురుకోవడమే మేలు. ఒక్క అలర్జీయే ఉండి, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇల్లయితే లేబుల్ చదివి ప్యాకెట్ కొనుక్కోవడంలో తప్పేం లేదు. గిర్నీ, మీ పిల్లాడి అలర్జీ ఎంత తీవ్రమో డాక్టర్ చెప్పాకే. పల్లీ చట్నీ లోటు మాకు పుట్నాలూ పచ్చి కొబ్బరీ తీర్చాయి. గుత్తి వంకాయలో ఇప్పుడు వేయించిన గుమ్మడి గింజల పొడి వేస్తున్నా. మా ఆయన ఇంకా తేడా తెలుస్తోందనే అంటాడు, చిన్నోడు మాత్రం రెండోసారి వడ్డించుకుంటాడు.