జీఐఎస్‌ను ముందుకు నడిపేది ఏది: సర్కారు సొమ్మా, కంపెనీల పోటీయా, తెరిచిపెట్టిన డేటానా?

ఊరి చెరువు శిఖం ముప్పై ఏళ్ల కింద ఎక్కడిదాకా ఉండేదో చూపించమంటే ఇప్పుడు నాకు ఒక్క పూట చాలు. అమెరికా ప్రభుత్వ ఉపగ్రహం ల్యాండ్‌శాట్ 1990 ప్రాంతంలో తీసిన చిత్రం ఒకటి డౌన్‌లోడ్ చేసుకుంటాను. యూరప్ ఉపగ్రహం సెంటినెల్ నిరుడు తీసిన చిత్రం దాని పక్కన పెట్టి, క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో కట్ట, అలుగు ఆనవాళ్లు పట్టుకుని నీటి అంచు గీస్తాను. ల్యాండ్‌శాట్‌లో ఒక్కో గడి 30 మీటర్లు. పాతిక ఎకరాల చెరువంటే నూటపది గడుల పైచిలుకు, అంతే. ఆ కొద్ది గడుల్లోనే ఏ మూల పూడిందో, ఏ మూల ప్లాట్లయిందో కనిపిస్తుంది. చిత్రాలకు గానీ సాఫ్ట్‌వేర్‌కు గానీ రూపాయి కట్టక్కర్లేదు.

ఇలా పటాలనూ వాటి వివరాలనూ కంప్యూటర్లో పొరలుగా పేర్చి లెక్కలు తీయడమే జీఐఎస్. ఇందులో ఇంత దూరం మనల్ని తెచ్చింది ఎవరు? ఈ రంగంలో ఉన్నవాళ్లను అడిగితే మూడు జవాబులు వస్తాయి: ప్రభుత్వాలు పెట్టిన డబ్బు అని కొందరు, కంపెనీల పోటీ అని కొందరు, అందరికీ తెరిచిపెట్టిన డేటా, కోడ్ అని ఇంకొందరు. మూడింట్లోనూ నిజముంది. అయినా మూడూ సమానం కావు.

జీఐఎస్ పుట్టింది సర్కారు సొమ్ముతోనే. 1960ల తొలినాళ్లలో కెనడా తన భూముల్లో ఏవి సాగుకు పనికొస్తాయి, ఏవి అడవికి అని లెక్క తీయాలనుకుంది. పటాలు వేలల్లో ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పరిచి విస్తీర్ణాలు చేత్తో కొలవాలంటే అంతమంది మనుషులు దొరకరు. ఆ పని కంప్యూటర్‌కు అప్పజెప్పుదామన్నాడు రోజర్ టామ్లిన్సన్. పటాలను స్కాన్ చేసే డ్రమ్ము యంత్రాన్ని ఐబీఎం దీనికోసమే తయారుచేసింది. ఇవాళ మనం రోజూ చేసే పని, నేల పొర మీద సరిహద్దుల పొర వేసి రెండూ కలిసేచోట విస్తీర్ణం తీయడం, అప్పట్లోనే అక్కడ జరిగింది. లాభం ఎప్పుడొస్తుందో తెలియని ఇలాంటి పనికి ఏ కంపెనీ అయినా సొంత డబ్బు పెట్టేదని నేననుకోను. కానీ ఆ వ్యవస్థ ఎన్నడూ అమ్మకానికి రాలేదు. కట్టించిన ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది.

దాన్ని బయటి ఆఫీసుల బల్లల మీదికి తెచ్చింది కంపెనీలు. 1969లో కాలిఫోర్నియాలోని రెడ్‌లాండ్స్‌లో డేంజర్‌మండ్ దంపతులు ఎస్రీ అనే కంపెనీ పెట్టారు. 1982లో దాని జీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఆర్క్‌ఇన్ఫో వచ్చింది. శిక్షణ, మాన్యువల్, ఫోన్ చేస్తే పలికే మనిషి: మున్సిపాలిటీలకూ అటవీశాఖలకూ కావాల్సింది ఇదే, కంపెనీలు ఇది బాగా ఇచ్చాయి. 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చాక బ్రౌజర్లో పటాన్ని మౌస్‌తో పట్టుకుని జరపడం మామూలైపోయింది. ఇది కంపెనీల ఘనతే, కాదనను. కాకపోతే గూగుల్ ఎర్త్‌కు మూలమైన కీహోల్ అనే చిన్న కంపెనీలో అంతకుముందే, 2003లో, అమెరికా నిఘా సంస్థ సీఐఏ తరఫు పెట్టుబడి సంస్థ డబ్బు పెట్టింది. మార్కెట్ ఒంటిచేత్తో సాధించిందని చెప్పే కథల్లో ఈ ముక్క మరుగున పడిపోతుంది.

కంపెనీ దారిలో చిక్కు ఎక్కడుందో తెలుగులో పని చేసేవాడికి బాగా తెలుస్తుంది. పటంలోని గీతలనూ వాటి వివరాల పట్టికనూ దాచుకునే షేప్‌ఫైల్ ఎస్రీ తెచ్చిన ఫార్మాట్. 1998లో దాని వివరాలు ప్రచురించాక ప్రపంచమంతా అల్లుకుపోయింది. అందులో కాలమ్ పేరుకు పది బైట్లే చోటు. యూనికోడ్‌లో తెలుగు అక్షరానికి గానీ గుణింతం గుర్తుకు గానీ మూడేసి బైట్లు పడతాయి. ‘చెరువు’ అని పెడితే ‘చెర’ దగ్గర తెగిపోతుంది. అందుకే ఊళ్ల పేర్లు తెలుగులో నింపినా కాలమ్ తలకాయలు ఇంగ్లీషు పొట్టిపేర్లతోనే మిగిలాయి. ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) తప్పితే ఆ ఊళ్ల పేర్లు కూడా ప్రశ్నార్థకాలే. ఈ ఇబ్బంది తీర్చిన జియోప్యాకేజ్ అనే ఫార్మాట్ 2014లో అందరికీ తెరిచిన ప్రమాణంగా వచ్చింది. క్యూజీఐఎస్ 2018లో మూడో వెర్షన్ నుంచి దాన్నే ముందు పెడుతోంది.

ఇక మూడోది. దీని సత్తా తెలియాలంటే ల్యాండ్‌శాట్ చరిత్ర ఒక్కటి చదివితే చాలు. ఒకే ఉపగ్రహ కార్యక్రమాన్ని మూడు పద్ధతుల్లోనూ నడిపి చూశారు. 1972లో మొదటిది ఎగిరినప్పుడు అంతా ప్రభుత్వానిదే. 1985లో వ్యాపారం చేసుకొమ్మని ఒక ప్రైవేటు సంస్థకు అప్పజెప్పారు. ఒక్కో చిత్రం ధర నాలుగువేల డాలర్లు దాటింది. యూనివర్సిటీలు కొనడం తగ్గించేశాయి, పరిశోధకులు ఒకటి రెండు చిత్రాలతో సరిపెట్టుకున్నారు. 1992లో చట్టం చేసి మళ్లీ ప్రభుత్వం చేతికి తెచ్చారు. 1999లో ఎగిరిన ల్యాండ్‌శాట్ 7 చిత్రం ధర ఆరువందల డాలర్లకు దిగింది. 2008లో మొత్తం భాండాగారాన్ని ఉచితం చేశారు. రోజుకు పదుల్లో అమ్ముడయ్యేవి కాస్తా రోజుకు వేలల్లో డౌన్‌లోడ్ కాసాగాయి.

అసలు మార్పు లెక్కలో కాదు, మనుషులు అడిగే ప్రశ్నల్లో వచ్చింది. చిత్రానికి ఆరువందల డాలర్లు పోయాల్సినప్పుడు ‘ఈ జిల్లాకు మబ్బులేని బొమ్మ ఏది’ అని వెతుకుతాం. ఉచితమయ్యాక ‘ఈ గడి గత పాతికేళ్లలో ఏటేటా ఎలా మారింది’ అని అడగ్గలం. 2013లో మేరీలాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఉపగ్రహ చిత్రాలను గూగుల్ కంప్యూటర్లలోనే విశ్లేషించే గూగుల్ ఎర్త్ ఇంజిన్ మీద ప్రపంచ అడవుల మార్పును 30 మీటర్ల గడుల్లో గీసి చూపించారు. చిత్రాలు లక్షల్లో వాడారు. వాటిని కొనాల్సి వస్తే ఆ ఆలోచనే పుట్టేది కాదు. ఇక్కడ వరస చూడండి: ఉపగ్రహం ప్రభుత్వానిది, తలుపు తీసింది ప్రభుత్వం, ఆ తర్వాతే కంపెనీ కంప్యూటర్లు అక్కరకొచ్చాయి.

జీపీఎస్‌లోనూ అంతే. మామూలు జనానికి వచ్చే సంకేతంలో కావాలని కలిపిన తప్పును అమెరికా ప్రభుత్వం 2000 మేలో తీసేసింది. వంద మీటర్ల దాకా ఉన్న తేడా ఇరవైకి దిగింది. అందుకోసం కొత్త ఉపగ్రహం ఎగరలేదు, ఎవరూ కొత్తగా ఏదీ కనిపెట్టలేదు.

తెరిచిన దారికీ లోటుపాట్లున్నాయి. ఎవరైనా గీసి, ఎవరైనా వాడుకోగల పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004లో బ్రిటన్‌లో మొదలైంది, అక్కడి సర్వే సంస్థ పటాలు డబ్బు పెడితే తప్ప దొరకవని. 2010 హైతీ భూకంపం తర్వాత ఎక్కడెక్కడి వాలంటీర్లో కూర్చుని రోజుల్లో దాని రాజధాని పోర్టోప్రిన్స్ వీధులు గీశారు. అదే మన మారుమూల మండలాల్లో చూస్తే ఊరి పేరుంటే ఉంటుంది, లోపలి దారులు ఉండవు. తెలుగు పేరుకు అందులో విడిగా చోటుంది, నింపే మనుషులే కావాలి. ఉత్సాహం ఉన్నచోట పని జరుగుతుంది, అవసరం ఉన్న ప్రతిచోటా జరగదు.

మన దేశం సంగతి చూస్తే నాకు బాధేస్తుంది. 1767 నుంచి సర్వే ఆఫ్ ఇండియా ఉంది. 1988లోనే భూమిని చిత్రించే మన ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఏ ఎగిరింది. హైదరాబాద్ బాలానగర్‌లో ఉపగ్రహ చిత్రాల కేంద్రం ఎన్ఆర్ఎస్‌సీ ఉంది. తొంభైల నుంచీ హైదరాబాద్ కంపెనీల్లో మనవాళ్లు అమెరికా, యూరప్ ఊళ్ల కరెంటు లైన్లు, పైపులైన్లు డిజిటైజ్ చేశారు. డబ్బూ ఉంది, నైపుణ్యమూ ఉంది. అయినా సొంత ఊరి పటం గీయడానికే అనుమతులు కావాల్సి వచ్చింది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం కొత్త మార్గదర్శకాలతో ఆ కట్లు చాలావరకు విప్పింది.

అందుకే ఏది మేలంటే నా జవాబు: సేకరణకు సర్కారు సొమ్ము, ఆ వెంటనే డేటా తెరవడం, కంపెనీలు ఆ తర్వాత. రాష్ట్రంలో ఒక శాఖకు ఏడాదికి ఒక్క పనికే డబ్బుందంటే, ఖరీదైన లైసెన్సులు కొనే బదులు తన దగ్గరున్న సరిహద్దులను వాడుకోదగ్గ ఫైళ్లుగా బయట పెట్టమంటాను.

ఆ మధ్య ఒక చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దు) పటం కోసం ఒక ఆఫీసుకు వెళ్లాను. స్కాన్ చేసిన పీడీఎఫ్ ఇచ్చారు. అక్షాంశ రేఖాంశాల పట్టిక కూడా అందులో బొమ్మగానే ఉంది. నూట నలభైకి పైగా బిందువులు. రెండు సాయంత్రాలు కూర్చుని ఒక్కొక్కటే టైపు చేశాను. ఒకచోట 3ను 8గా చదివితే సరిహద్దు రోడ్డు దాటి అవతలికి పోయింది, వెతికి సరిచేశాను. ఇప్పుడా గీత సరిగ్గా కట్ట మీద కూర్చుంది. ఫైలు నా దగ్గరే ఉంది. దాన్ని ఇంకొకరికి ఇవ్వొచ్చో లేదో ఆ పీడీఎఫ్ మీద ఎక్కడా రాసి లేదు.