ఎన్‌వైప్‌తో రెండేళ్లు: డిస్కు శుభ్రం, కాగితం మీద తేదీ తప్పు

మాది విజయవాడలో చిన్న అకౌంటింగ్ కార్యాలయం. ఖాతాదారుల ఆధార్ నకళ్లు, పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతాల పట్టీలు మా దగ్గరే పోగుపడతాయి. ఎవరైనా వేరే ఆడిటర్ దగ్గరికి వెళ్లిపోతే "మీవన్నీ తీసేశాం లెండి" అని నోటిమాటగా చెప్పడం మా పాత పద్ధతి. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఆ మాట చాలదని తెలిసింది. భద్రతా ఏర్పాట్లలో లోపానికి అందులో గరిష్ఠ జరిమానా 250 కోట్ల రూపాయలు. మా కార్యాలయం కుర్చీలతో సహా అమ్మినా ఒక నెల వడ్డీకి సరిపోదు.

అప్పటినుంచి వాడుతున్నది ఎన్‌వైప్, డిస్కులోని డేటా మళ్లీ దొరక్కుండా తుడిచే సాఫ్ట్‌వేర్. ఉచితం. దీన్ని నడిపే చిన్న ఆపరేటింగ్ సిస్టం ష్రెడ్‌ఓఎస్‌ను పెన్‌డ్రైవులో ఎక్కించి దానితో కంప్యూటర్ ఆన్ చేస్తే ఇది నేరుగా తెరుచుకుంటుంది. మౌస్‌తో పని లేదు. స్పేస్ నొక్కి డిస్కును ఎంచుకోవాలి, షిఫ్ట్‌తో కలిపి ఎస్ నొక్కితే తుడవడం మొదలవుతుంది. మా పాత 1 టీబీ డిస్కుకు పాత డేటా మీద ఒక విడత రాయడానికి రెండున్నర గంటలు, సరిచూడటానికి మళ్లీ అంతే పట్టింది. సాయంత్రం పెట్టి ఇంటికి వెళ్లిపోవడమే. ఒకే ఒక హెచ్చరిక: డిస్కులో ఉన్నదంతా పోతుంది. ఒక ఖాతాదారు ఫైళ్లు మాత్రమే తుడవడం దీని పని కాదు. అందుకే పెద్ద ఖాతాదారులకు విడి డిస్కులు పెట్టుకున్నాం.

నేను దీన్ని పట్టుకుని ఉండటానికి కారణం చివర్లో వచ్చే పీడీఎఫ్ పత్రం. డిస్కు మోడల్, సీరియల్ నంబరు, మొదలైన సమయం, ముగిసిన సమయం, వాడిన పద్ధతి, ఎదురైన లోపాలు, కింద సంతకానికి చోటు. పాడైన భాగాలు (సెక్టార్లు) ఉన్న ఒక డిస్కుకు విఫలమైందనే రాసిచ్చింది. దానికి డ్రిల్లింగ్ యంత్రంతో రంధ్రాలు వేయించి, ఫోటో తీసి ఆ పత్రానికే జతచేశాం.

పరువు పోయిన రోజు కూడా ఒకటుంది. గుంటూరు మిర్చి వ్యాపారి ఒకాయన లెక్కలు అబ్బాయికి అప్పగించి, మా దగ్గరున్నవన్నీ తీసేయమని ఉత్తరం రాశారు. జీఎస్టీ లెక్కలను వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఆయన దాచుకోవాలి కనుక, ముందు అన్నిటి నకలు ఇచ్చి సంతకం తీసుకున్నాం. తర్వాత డిస్కు తుడిచి పత్రం పంపాం. మర్నాడే ఫోను. "ఆడిటరు గారూ, ఇందులో 2009 జనవరి అని ఉంది. అప్పటికి మీరెవరో నాకు తెలియదు కదండీ!" తుడవడానికి వాడిన పాత కంప్యూటర్‌లో గడియారం బ్యాటరీ చచ్చిపోయింది. ఎన్‌వైప్ తేదీని ఆ గడియారం నుంచే తీసుకుంటుంది. తప్పు నాది, చూసుకోకుండా సంతకం పెట్టాను. ఖాళీ డిస్కునే మళ్లీ తుడిచి, రెండు పత్రాలూ వివరణతో పంపాల్సి వచ్చింది. ఇప్పుడు బయోస్‌లో (కంప్యూటర్ మొదటి సెట్టింగుల తెరలో) తేదీ చూడనిదే పెన్‌డ్రైవు పెట్టను.

అంతకన్నా పెద్ద లోటు ఆ పత్రం స్వభావంలోనే ఉంది. దానికి డిస్కు తెలుసు, మనిషి తెలియదు. ఫలానా సీరియల్ నంబరు డిస్కులో ఫలానా ఖాతాదారు వివరాలు ఉండేవని మనమే ముందునుంచీ రాసి ఉండాలి. మేం పొడవాటి లెడ్జరు పుస్తకం వాడుతున్నాం. సీరియల్ నంబరును చేత్తో రాయం, సున్నాకూ ఇంగ్లిష్ 'O' అక్షరానికీ తేడా పోతుంది. స్టిక్కర్ ఫోటో అతికిస్తాం.

ఎస్‌ఎస్‌డీల (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లతో చేసిన డిస్కుల) విషయంలో మాత్రం దీన్ని నమ్ముకోకండి. వాటిలో పైనుంచి ఎంత రాసినా బయటికి కనిపించని బ్లాకుల్లో పాత డేటా మిగలవచ్చు. వాటికి డిస్కులోనే ఉండే సెక్యూర్ ఎరేజ్ ఆదేశం ఇవ్వాలి. ఆ పనిముట్లూ ష్రెడ్‌ఓఎస్‌లో ఉన్నాయి కానీ, నేను వాడే వెర్షనులో వాటికి పత్రం రాదు. తెర ఫోటో తీసి చేత్తో రాసుకుంటున్నాను.

మిర్చి వ్యాపారి పని ముగిసిన మూడు నెలలకు సొరుగులో ఒక పెన్‌డ్రైవు దొరికింది. అందులో ఆయన రెండేళ్ల లెక్కల బ్యాకప్. ఆయనకు ఫోను చేసి చెప్పి, దాన్నీ తుడిచాం. ఆ రోజే లెడ్జరులో "ఇంకెక్కడ ఉండవచ్చు" అని ఒక గడి కలిపాను. అందులో ఇప్పటిదాకా ఎక్కువసార్లు రాసింది నా ఫోనులోని వాట్సాప్.