శ్రీకాకుళం నుంచి హైదరాబాద్: విమానమా, రైలా?

విశాఖ నుంచి శంషాబాద్‌కి గాల్లో సుమారు 500 కిలోమీటర్లు, గంటా ఇరవై నిమిషాల్లో దిగిపోతాం. కానీ శ్రీకాకుళం వాళ్లకి లెక్క అక్కడ మొదలవదు. రణస్థలం, తగరపువలస, ఆనందపురం దాటి ఎయిర్‌పోర్టు చేరడానికే వంద కిలోమీటర్ల పైమాటే, రెండున్నర గంటలు. రెండు గంటల ముందే అక్కడ ఉండాలి. దిగాక సికింద్రాబాద్‌కి ఇంకో గంట. అంతా కలిపి ఏడు గంటలు, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే టెన్షన్ వేరు.

రైలైతే ఆమదాలవలసలో ఎక్కాలి, సుమారు 14 గంటలు. అయినా రాత్రి నిద్రలోనే సగం దారి గడిచిపోతుంది. అత్యవసరమైతే విమానమే. పండక్కి వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు మాత్రం నా ఓటు రైలుకే. అమ్మ కట్టిచ్చిన బియ్యం మూట, పలాస జీడిపప్పు, ఆవకాయ జాడీ విమానంలో అనుమతించే 15 కిలోల లగేజీలో ఎక్కడ ఇముడుతాయి? బెర్తు కిందైతే హాయిగా పడతాయి.