సిమ్ ట్యాబ్, వైఫై ట్యాబ్: ఏడాది దాటాక నా మాట

స్క్రీను, ర్యామ్, స్పీకర్లు అందరూ చెప్పేసినవే, వదిలేస్తున్నా. మా ఇంట్లో ఒకటి సామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎ9 ప్లస్ 5జీ, అంటే సిమ్ వేసుకునేది, రెండోది వేరే కంపెనీ వైఫై మోడల్, రెండూ తీసుకుని ఏడాది దాటింది. వీటి మధ్య అసలు తేడా నాకు శ్రీశైలం దారిలో తెలిసింది.

మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9కి మూసేస్తారు కదా, అందుకని సాయంత్రమే నల్లమల అడవిలోకి వెళ్లిపోయాం. కాసేపటికే అందరి ఫోన్లలో సిగ్నల్ పోయింది. వెనక సీట్లో మామయ్యగారి చేతిలో వైఫై ట్యాబ్, అందులో మ్యాప్ ముందే ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్ చేసిపెట్టా, రోడ్లన్నీ కనిపిస్తున్నాయి గానీ మేమెక్కడున్నామో చూపించే నీలం చుక్క మాత్రం ఎప్పుడో దాటొచ్చిన డిండి దగ్గరే ఆగిపోయింది. "అల్లుడూ, ఇది మనల్ని ఇంకా డిండిలోనే ఉంచిందయ్యా" అంటారాయన. మా ఆవిడ సామ్‌సంగ్‌ది తీసి అదే మ్యాప్ పెడితే, సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు, అయినా చుక్క కారుతో పాటే మలుపు మలుపుకీ కదులుతోంది! వటువర్లపల్లి ఎంత దూరం, దోమలపెంట ఎంత దూరం అని చూసుకుంటూ హాయిగా వెళ్లాం. జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు, శాటిలైట్ల నుంచే అందుకుంటుంది, కానీ ఆ చిప్ ఉండాలి, కొన్ని వైఫై మోడళ్లలో అదే ఉండదు, చుట్టుపక్కల రూటర్లని బట్టి అంచనా వేస్తాయంతే. నల్లమలలో రూటర్లెక్కడివి? ఈ ముక్క బాక్స్ మీద పెద్దక్షరాలతో వేస్తే ఏం పోతుంది, నిజంగా కోపమొస్తుంది.

ఇంట్లో కూడా కరెంటు పోతే రూటర్ పోతుంది, వైఫై దానికి నా ఫోన్ హాట్‌స్పాట్ ఇవ్వాలి, నేను బయటికెళ్తే అదీ నాతోనే వెళ్లిపోతుంది. సిమ్ ఉన్నదాంట్లో పాప క్లాసు ఆగదు, ఓటీపీలు దానికే వస్తాయి, మామూలు కాల్స్ కూడా మాట్లాడొచ్చు. స్క్రీను కంప్యూటర్‌లా మారే డెక్స్ మోడ్‌లో పాప ఒక పక్క పీడీఎఫ్, ఇంకో పక్క నోట్స్ పెట్టుకుంటుంది. బొమ్మలు వేయాలంటే మాత్రం ఆ వైఫై ట్యాబే అడుగుతుంది, స్మూత్‌గా ఉండేది అదే, ఒప్పుకోవాలి.

కొత్తలో 5జీ గురించి అందరికీ తెగ చెప్పా, ఇప్పుడంత చెప్పను. మా ఊళ్లో 5జీ వస్తూ పోతూ ఉంటుంది, ఆ వెతుకులాటలో బ్యాటరీ గబగబా దిగిపోతుంది, అందుకే 4జీకి మార్చేసి వాడుతున్నా. రీఛార్జ్ ఖర్చు వేరే.

నాది ఎక్కువ రోడ్ల మీద తిరిగే పని కాబట్టి నా ఓటు ఎ9 ప్లస్‌కే. ఇంట్లో, ఆఫీసులో వైఫై ఉన్నవాళ్లు సిమ్‌కి ఎక్స్‌ట్రా పెట్టాలా అంటే చెప్పలేను, స్పెసిఫికేషన్లలో జీపీఎస్ ఉందో లేదో మాత్రం చూసుకుని కొనండి.